అమీర్‌పేటలో దిగారా? ముందు కంచం సంగతి చూసుకోండి!

కొలువు వేటకు హైదరాబాద్ బయల్దేరే ముందు మీరు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఏ కోర్సు నేర్చుకోవాలి? ఎక్కడ నేర్చుకోవాలి? ఫీజెంత? హాస్టల్ ఎంత? ఈ నాలుగింటికీ సీనియర్లు జవాబులు చెప్తారు. ‘రోజూ ఎక్కడ తినాలి?’ అని మాత్రం ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. తీరా నెల తిరిగేసరికి డబ్బులు తగ్గేదీ, ఒళ్లు నీరసించేదీ, చదువు కుంటుపడేదీ అక్కడే.

చిట్యాల, మొగుళ్లపల్లి, టేకుమట్ల, రేగొండ.. మీది ఏ ఊరైనా సరే, హనుమకొండ దాకా బస్సు, కాజీపేటలో రైలు, సికింద్రాబాద్‌లో దిగి మెట్రో నీలి లైన్ ఎక్కితే నేరుగా అమీర్‌పేట. 2017 నవంబర్‌లో మెట్రో మొదలైనప్పటి నుంచి ఎర్ర లైన్, నీలి లైన్ కలిసే కూడలి ఇదే. మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ బోర్డులు మీకు తెలిసినవే. ఆ బోర్డుల కింద, సందుల్లో ఇంకో అమీర్‌పేట ఉంది. అది తిండి అమీర్‌పేట. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా, ఒడిశా నుంచి బిహార్ దాకా వచ్చినవాళ్లంతా అక్కడ ఒకే బెంచీ మీద కూర్చుని తింటారు. ఆ మ్యాప్ చేతిలో ఉంటే మీ వేట సగం తేలికవుతుంది.

కోత పెట్టాల్సింది తిండికి కాదు

ముందు లెక్క చూద్దాం. ఇవి ఉదాహరణ అంకెలే, మీ రేట్లు వేసుకుని మీరే సరిచూసుకోండి. నెలకు తిండికి 4,500 రూపాయలు పెట్టుకున్నారనుకోండి. రోజుకు 150. చాయ్ 20 రూపాయలనుకుంటే రోజుకు మూడు చాయ్‌లకు 60, నెలకు 1,800. అంటే మీ తిండి డబ్బుల్లో 40 శాతం చాయ్ గ్లాసులోకే పోయింది. ఆదివారం ఒక్కసారి 400 రూపాయల బిర్యానీ తింటే దాదాపు మూడు రోజుల తిండి ఒక్క పూటలో అయిపోయింది.

చాయ్ మానేయమని, బిర్యానీ తినొద్దని చెప్పట్లేదు. డబ్బు ఎక్కడ కారిపోతుందో తెలియనప్పుడు చాలామంది చేసే పని పొద్దున టిఫిన్ మానేయడం. ఖాళీ కడుపుతో జావా క్లాసులో కూర్చుంటారు. పదకొండింటికి తల తిరుగుతుంది, చాయ్‌తో రెండు బిస్కెట్లు లాగిస్తారు. రాత్రి ఆకలికి ఫ్రైడ్ రైస్ పార్సిల్. మూడు నెలలు ఇలా నడిస్తే ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లేది సగం మనిషే. ఫోన్‌లో ఒక ఎక్సెల్ షీట్ పెట్టి, మొదటి పది రోజులు తిన్న ప్రతి ముద్ద ఖర్చు రాయండి. తర్వాత మీకే తెలుస్తుంది, కోత ఎక్కడ పెట్టాలో.

మొదటి మజిలీ: మెస్సు, కర్రీ పాయింట్, బండి

అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్, బల్కంపేట.. ఈ మూడింటినీ కలిపి ఒకే ఊరనుకోండి. ఇక్కడ తిండి మూడు రకాలుగా దొరుకుతుంది.

మెస్సు: కాకతీయ డీలక్స్ మెస్ లాంటి పాత పేర్లు అమీర్‌పేటలో అందరికీ తెలుసు. చిన్నా చితకా మెస్సులు సందుకొకటి ఉంటాయి. ఫుల్ మీల్స్, ప్లేట్ మీల్స్ అని రెండు ఉంటాయి, తేడా అడిగి కూర్చోండి. ఇద్దరున్నప్పుడు ఫుల్ మీల్స్ పార్సిల్ తీసుకుంటే చాలాచోట్ల అన్నం ఇద్దరికీ సరిపోతుంది. కూర ఒకటి అదనంగా తీసుకుంటే చాలు. నెల టోకెన్లు ఇచ్చే మెస్సులో ఒకేసారి నెలంతా కట్టేయకండి. ముందు వారం తిని చూడండి. ఊరెళ్లిన రోజుల డబ్బులు తగ్గిస్తారా లేదా అన్నది మొదటి రోజే అడగండి.

కర్రీ పాయింట్: బ్యాచిలర్ గదుల్లో ఉండేవాళ్లకు దిక్కు ఇదే. గదిలో రైస్ కుక్కర్‌లో అన్నం పెట్టుకుని, కిందికి దిగి ఒక పప్పు, ఒక కూర తెచ్చుకుంటే నలుగురి భోజనం అయిపోతుంది. సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య వెళ్తే వేడివి దొరుకుతాయి. తొమ్మిదిన్నర తర్వాత మిగిలిన కూరలు చవగ్గా ఇస్తే సంబరపడకండి, ఎప్పుడు వండారో అడగండి.

బండి: పొద్దున ఇడ్లీ బండి, సాయంత్రం మిర్చి బండి, రాత్రి ఫాస్ట్‌ఫుడ్ బండి. ఇడ్లీ బండి నమ్మదగినది. కళ్ల ముందే ఆవిరి మీద ఉడికి వస్తుంది. రాత్రి బండి దగ్గర మాత్రం నూనె రంగు చూడండి. నల్లగా కాగి ఉంటే ముందుకు నడవండి.

యాప్‌లో ఆర్డర్ పెట్టే అలవాటు ఉంటే ఒకసారి అదే హోటల్‌కు నడిచి వెళ్లి మెనూ చూడండి. చాలాచోట్ల యాప్‌లో రేటు ఎక్కువ. దానిపై ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజు. పది నిమిషాలు నడిస్తే ఆ డబ్బు మిగులుతుంది, కాళ్లకూ పని దొరుకుతుంది.

రూంమేట్ కంచంలో కొత్త జిల్లా

మన దిక్కు తొక్కు అంటే వాళ్ల దిక్కు పచ్చడి. మనకు పచ్చిపులుసు, వాళ్లకు చారు. మనకు సర్వపిండి, సకినాలు, జొన్నరొట్టె, మక్క గట్క. కర్నూలు నుంచి వచ్చినవాడు ఉగ్గాని-బజ్జీ కోసం వెతుకుతుంటాడు, రాగిసంగటి పేరు చెప్తే లేచి కూర్చుంటాడు. కృష్ణా, గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్లకు పెసరట్టు ఉప్మా, ఉలవచారు, పనసపొట్టు కూర. సనత్‌నగర్, బాలానగర్ పారిశ్రామికవాడల వైపు వెళ్తే ఉత్తరాది కార్మికులు తినే రొట్టె హోటళ్లు తగులుతాయి. తక్కువ ధరకు వేడి రొట్టెలు, పప్పు, పచ్చి ఉల్లిగడ్డ. రాత్రి పూట అన్నం బరువనిపించినవాళ్లకు అంతకన్నా మంచి భోజనం లేదు.

ఊరి నుంచి డబ్బా నిండా తొక్కు, సకినాలు తెచ్చుకున్న రోజు మంచం కింద దాచుకోకండి, గది మధ్యలో పెట్టండి. రేపు శ్రీకాకుళం డబ్బా మీ ముందుకొస్తుంది. డబ్బా తెరిచిన చోటే మాటలు మొదలవుతాయి. ఏ కంపెనీలో ఎవరిని తీసుకుంటున్నారు, ఏ కన్సల్టెన్సీ డబ్బులు అడుగుతోంది, ఏ ఇంటర్వ్యూలో ఏం అడిగారు.. ఈ సంగతులు జాబ్ పోర్టల్ కన్నా ముందు కంచం దగ్గర తెలుస్తాయి.

ఇంకో మాట కూడా అనుకోవాలి. కొన్ని గదుల్లో, హాస్టళ్లలో ‘ఇది తినేవాళ్లకు గది లేదు’ అనే బోర్డులు, మాటలు మీకు ఎదురవుతాయి. గది తీసుకునే ముందే వంట, మాంసం సంగతి స్పష్టంగా అడిగి తెలుసుకోండి. అడ్వాన్స్ కట్టాక గొడవ పడటం కన్నా ముందే తెలియడం నయం. మీ పక్కవాడి కంచం వైపు మాత్రం ముక్కు విరవకండి. బోటి కూర తినేవాడు, ఉల్లి కూడా ముట్టనివాడు ఒకే గదిలో ఉండొచ్చు. గిన్నెలు వేరుగా పెట్టుకుంటే చాలు, మనుషులు వేరు కానక్కర్లేదు.

ఐదు రూపాయల వరుసలో సిగ్గెందుకు?

జేబు పూర్తిగా ఖాళీ అయిన రోజులు వస్తాయి. ఇంటికి ఫోన్ చేసి అడగడానికి నోరు రాదు. పత్తి డబ్బులు ఇంకా చేతికి రాలేదని, నాన్న ఎక్కడో అప్పు అడిగి పంపుతాడని మీకు తెలుసు. అలాంటి రోజు తిండి మానేయకండి. జీహెచ్ఎంసీ 2014లో మొదలుపెట్టిన 5 రూపాయల భోజన కేంద్రాలు నగరమంతా ఉన్నాయి. హరేకృష్ణ మూవ్‌మెంట్ సంస్థ పెద్ద వంటశాలలో వండి కేంద్రాలకు పంపుతుంది. అన్నం, పప్పు లేదా సాంబారు, ఒక కూర, పచ్చడి. అన్నపూర్ణ పేరుతో ఏళ్లుగా నడిచాయి. 2025లో పేరు మారింది, కొన్నిచోట్ల 5 రూపాయలకే ఉదయం టిఫిన్ కూడా మొదలైంది. పెద్ద ఆస్పత్రులు, బస్సు కూడళ్ల దగ్గర వెతకండి. మధ్యాహ్నం వేళ, ఉన్నంతవరకే ఇస్తారు. కాబట్టి కాస్త ముందే వెళ్లండి.

ఆ వరుసలో ఎవరుంటారో చూడండి. ఆటో డ్రైవర్లు, ఆస్పత్రిలో రోగి పక్కన కాపలా ఉన్నవాళ్లు, అడ్డా కూలీలు, మీలాంటి బీటెక్ వాళ్లు. అక్కడ ఎవరూ ఎవరి డిగ్రీ అడగరు. ప్రభుత్వం మీ కోసం కూడా నడుపుతున్న వంటిల్లు అది. దాన్ని వాడుకోవడంలో చిన్నతనం లేదు. రోజుకు ఒక పూట అక్కడ తింటే, పైన చెప్పిన 150 రూపాయల్లో 145 మిగతా రెండు పూటలకూ, గుడ్డుకూ, పండుకూ మిగులుతాయి.

పండ్లు, కూరగాయలకు ఎర్రగడ్డ రైతుబజార్ ఉండనే ఉంది. అమీర్‌పేట నుంచి మియాపూర్ వైపు ఎర్ర లైన్‌లో మూడో స్టేషన్. 1999లో మొదలైన రైతుబజార్ల పద్ధతి మీకు కొత్త కాదు. దళారీ లేకుండా రైతే నేరుగా అమ్ముకునే చోటు. ధరల బోర్డు చూసి కొనండి. టమాటాలు, ఉల్లిగడ్డలు, ఆకుకూర కట్టలు వారానికి సరిపడా తెచ్చుకుంటే కర్రీ పాయింట్ ఖర్చు సగానికి దిగుతుంది.

చాయ్ గ్లాసులో ఇరాన్, పళ్లెంలో యెమెన్

వారానికి ఒకరోజు అమీర్‌పేట దాటి బయటికి నడవండి. ఎందుకంటే రేపు మీరు పనిచేసే టీమ్‌లో ఒకరు కేరళ, ఒకరు బెంగాల్, ఒకరు వేరే దేశం. కొత్త మనిషి ముందు బిగుసుకుపోకుండా కూర్చోవడం ఒక్కరోజులో రాదు. దాన్ని తక్కువ ఖర్చుతో నేర్పేది భోజనం బల్లే.

ఇరానీ హోటల్‌తో మొదలుపెట్టండి. ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు బొంబాయి, పుణె మీదుగా ఇక్కడికి చేరి పెట్టినవి ఈ హోటళ్లు. డికాక్షన్ వేరుగా, చిక్కగా కాగిన పాలు వేరుగా ఉంచి గ్లాసులో కలుపుతారు. పాలు ఎక్కువ కావాలంటే ‘పౌనా’ అనండి, వాళ్లకు అర్థమవుతుంది. పక్కన ఉస్మానియా బిస్కెట్, లుక్మీ, చోటా సమోసా. లక్డీకాపూల్ మెట్రో దిగితే నిలోఫర్, చార్మినార్ పక్కన నిమ్రా. సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ 1953లో సినిమా హాల్ దగ్గర చిన్న కేఫ్‌గా మొదలైందే. ఇవాళ ఆ పేరుతో మెట్రో స్టేషనే ఉంది. ఒక చాయ్‌తో అరగంట కూర్చున్నా లేవమనని పాత ఇరానీ హోటళ్లు ఇంకా ఉన్నాయి. అమ్మాయిలు ఒంటరిగా వెళ్తే చాలాచోట్ల ‘ఫ్యామిలీ సెక్షన్’ ఉంటుంది, అడిగి కూర్చోండి.

తర్వాత మెహిదీపట్నం దాటి టోలిచౌకి. అక్కడి పారామౌంట్ కాలనీ చుట్టుపక్కల సోమాలియా, సూడాన్, యెమెన్ లాంటి దేశాల నుంచి చదువుకో, వైద్యానికో వచ్చినవాళ్లు ఉంటారు. దుకాణాల బోర్డుల మీద అరబిక్ కనిపిస్తుంది. పేరు మోసిన పళ్లెం మండీ. పెద్ద పళ్లెంలో మసాలా తక్కువగా, మెత్తగా ఉడికిన మాంసం, అన్నం. ఇది నగరానికి కొత్త కూడా కాదు. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు పాతబస్తీ అవతల బార్కస్‌లో తరాలుగా ఉన్నారు. ‘బ్యారక్స్’ అన్న మాటే జనం నోట బార్కస్ అయింది.

మండీ ఒంటరిగా తినేది కాదు. నలుగురు చుట్టూ కూర్చుని ఒకే పళ్లెంలో తింటారు. నలుగురు పంచుకుంటే తలా ఖర్చు కూడా అందుబాటులోకి వస్తుంది. మీ ముందున్న భాగం మీరు తినాలి, పక్కవాడి వైపు చేయి చాపకూడదు. ఒకే పళ్లెంలో తినడం ఇబ్బందిగా ఉంటే ప్లేట్లు అడగండి, ఇస్తారు. కుల పట్టింపుల మధ్య పెరిగిన మన ఊళ్లలో ఒకే పళ్లెంలో చేయి పెట్టడం అంటే చిన్న సంగతి కాదని మీకూ తెలుసు. ఒక్కసారి కూర్చుని చూడండి.

రంజాన్ నెలలో వస్తే హలీం వదలకండి. మాంసం, గోధుమలు, పప్పులు, నెయ్యి కలిపి గంటల తరబడి ఉడికించి దంచుతారు. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఒక ప్లేట్ తింటే అది చిరుతిండి కాదు, ఒక పూట భోజనమే. ఆ లెక్కలోనే ఖర్చు రాసుకోండి.

రుచి సరే, సత్తువ సంగతి?

మన దేశానికి ‘ఏం తినాలి’ అని చెప్పే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది మన తార్నాకలోనే. 1918లో తమిళనాడులోని కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. 2024లో ఆ సంస్థ భారతీయుల ఆహారంపై 17 సూచనలు విడుదల చేసింది. మనలాంటి వాళ్లకు దాని సారం ఒక్కటే. అన్నం కుప్ప తగ్గించండి, కూర, పప్పు, పండు పెంచండి.

పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని లెక్క. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. మెస్సులో నీళ్ల సాంబారుతో ఇది అందదు. గుడ్డులో సుమారు 6 గ్రాములు, గుప్పెడు పల్లీల్లో 7, పెద్ద గ్లాసు పాలలో 9 దాకా. రోజుకు రెండు గుడ్లు, గుప్పెడు పల్లీలు, ఒక గ్లాసు పాలు పడితే సగం పైగా వచ్చేసినట్టే. మిగతాది అన్నం, పప్పు చూసుకుంటాయి. జిమ్ దుకాణంలో డబ్బా కొనక్కర్లేదు. హాస్టల్ గేటు ఎనిమిదింటికే వేసేస్తారని బాధపడే అమ్మాయిలు పల్లీలు, పుట్నాలు, అరటిపండ్లు, ఖర్జూరాలు గదిలో ఎప్పుడూ ఉంచుకోవాలి.

బయట తినేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, హోటల్ గోడ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ ఉండాలి, దాని నంబర్ 14 అంకెలు. రెండు, పచ్చిగుడ్డు మయోనైజ్ జోలికి పోవద్దు. హైదరాబాద్‌లో మోమోలు తిని ప్రాణం పోయిన ఘటన తర్వాత 2024 అక్టోబర్ 30న రాష్ట్ర ప్రభుత్వం దానిపై ఏడాది నిషేధం పెట్టింది. మూడు, బిల్లులో ‘సర్వీస్ చార్జ్’ కలిపితే తీసేయమని అడిగే హక్కు మీకుంది. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అది తప్పనిసరి కాదు. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఇంటర్వ్యూ రోజున

ముందు రాత్రి కొత్త హోటల్, కొత్త వంటకం వద్దు. పెరుగన్నమో, పప్పన్నమో తిని త్వరగా పడుకోండి. పొద్దున రెండు ఇడ్లీలు, ఒక గుడ్డు. బ్యాగులో నీళ్ల సీసా, రెండు అరటిపండ్లు, కాస్త పల్లీ పట్టీ. అమీర్‌పేటలో నీలి లైన్ ఎక్కితే హైటెక్ సిటీ, రాయదుర్గం దాకా మారే పనిలేదు. వాకిన్ డ్రైవ్‌లో లైన్ ఎంతసేపు నడుస్తుందో ఎవరూ చెప్పలేరు. పదింటికి వెళ్లినవాళ్ల వంతు సాయంత్రం నాలుగుకు రావచ్చు. మధ్యాహ్నం తినడానికి బయటికి వెళ్తే వంతు పోతుందన్న భయంతో చాలామంది పస్తులుంటారు. మీ సంచిలో అరటిపండు ఉంటే ఆ భయం ఉండదు. రెండు ఉంటే పక్కవాడికి ఒకటి ఇవ్వండి.

చివరగా మీరు ఈ వారమే చేయాల్సిన పని. ఒక కాగితం మీద మీ హాస్టల్ మధ్యలో గీసి, చుట్టూ ఐదు చోట్లు రాయండి: ఒక నమ్మకమైన ఇడ్లీ బండి, ఒక మెస్సు, ఒక కర్రీ పాయింట్, దగ్గర్లోని 5 రూపాయల కేంద్రం, ఒక ఇరానీ హోటల్. దాన్ని గది గోడకు అతికించండి. వచ్చే నెల చిట్యాల నుంచో, మొగుళ్లపల్లి నుంచో మీ తమ్ముడో, చెల్లెలో బ్యాగు పట్టుకుని దిగినప్పుడు, ‘కోర్సు ఏది’ అని అడగకముందే ‘తిన్నావా?’ అని అడిగి, ఆ కాగితాన్ని ఫొటో తీసుకోమనండి.